మాల తీశాక మళ్లీ మొదలవుతోంది

ప్రశ్న: మాది ఒడిశాలోని రాయగడ. నాకు 34 ఏళ్లు. భార్య, ఒక పాప. ఏటా అయ్యప్ప మాల వేసుకుంటాను. ఆ 41 రోజులూ ఫోన్‌లో బూతు వీడియోల జోలికే పోను. మాల తీసిన కొద్ది రోజులకే మళ్లీ మొదలు. చూసిన మర్నాడు దేవుడి గదిలో అడుగు పెట్టలేను. డ్యూటీకి ఆలస్యమైందని చెప్పి దీపం నా భార్య చేత పెట్టిస్తాను. ఆమె దగ్గరికి వెళ్లాలన్నా నా మీద నాకే అసహ్యం. పాపకు జ్వరమొస్తే నా పాపమే తగిలిందనిపిస్తోంది. నేను దీనికి బానిసనైపోయానా?

జవాబు: ముందు పాప సంగతి. మీ వైపు మలేరియా ఎక్కువ. జ్వరం వస్తే వెంటనే రక్తపరీక్ష చేయించండి. రాత్రి తండ్రి ఏం చూశాడో దాన్ని బట్టి పిల్లలకు జ్వరాలు రావు. ఈ భయాన్ని ఇవాళే వదిలేయండి.

ఇక బానిస అన్న మాట. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022 నుంచి అమలు చేస్తున్న ఐసీడీ-11 అనే జబ్బుల జాబితాలో అదుపు తప్పిన లైంగిక ప్రవర్తన కూడా ఉంది. నెలల తరబడి ఆపుకోలేకపోవడం, ఇల్లూ ఉద్యోగమూ దెబ్బతింటున్నా మానలేకపోవడం దాని లక్షణాలు. తప్పు చేస్తున్నానన్న బాధ ఒక్కటే ఉంటే దాన్ని జబ్బుగా లెక్కించకూడదని అందులోనే స్పష్టంగా రాశారు. ఏటా 41 రోజులు నిలబడుతున్న మిమ్మల్ని చూస్తే అదుపు పూర్తిగా పోయిందని నాకు అనిపించడం లేదు. అమెరికాలో జాషువా గ్రబ్స్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త బృందం 2015లో ప్రచురించిన పరిశోధనలో, భక్తి ఎక్కువున్నవాళ్లు తక్కువ చూసినా సరే తమను బానిసలుగా అనుకోవడం ఎక్కువని తేలింది. అది అక్కడివాళ్ల మీద చేసిన పరిశోధన. కానీ మన స్వాముల దగ్గరా, గుణుపురం వైపు చర్చికి వెళ్లే కుర్రాళ్ల దగ్గరా నేను వింటున్నది అదే.

అందుకని భక్తి తగ్గించుకోమనను. మిమ్మల్ని ఆపగలిగింది అదొక్కటే. మాలలో ఉన్నప్పుడు ఏం జరుగుతోందో చూడండి. తెల్లవారుజామున చన్నీళ్ల స్నానం, నేల మీద పడక, సాయంత్రం పదిమందితో భజన. రాత్రి పదకొండింటికి ఫోన్‌తో ఒంటరిగా మిగిలే వీలే లేదు. మాల తీయగానే ఆ పదిమందీ ఎవరింటికి వాళ్లు పోతారు, ఫోన్ తలగడ పక్కకు చేరుతుంది. ఇకనుంచి చార్జింగ్ హాల్లో పెట్టండి. వారానికోసారైనా ఆ స్వాములను కలవండి. జారిన మర్నాడు దీపం మీరే వెలిగించండి. దేవుడికి దూరమైన రోజే మీకు ఆ వీడియోలు మరింత దగ్గరవుతాయి.

అన్నిటికన్నా మీ భార్య గురించి నాకు దిగులుగా ఉంది. బ్రహ్మచర్యం మాలలో ఉన్నంతవరకే. తీశాక మీరు గృహస్థు. మన పెద్దలు కామాన్ని ధర్మార్థాల పక్కనే పురుషార్థంగా నిలబెట్టారు. మీరేమో ఆ వీడియోలనూ భార్యతో దగ్గరతనాన్నీ ఒకే గాటన కట్టేశారు. కారణం తెలియక, తనంటేనే మీకు ఇష్టం పోయిందని ఆమె లోలోపల కుమిలిపోతూ ఉండొచ్చు. పాప నిద్రపోయాక కూర్చోబెట్టి, “చూడకూడనివి చూస్తున్నాను, మానాలనుకుంటున్నాను, నీ మీద ఇష్టం తగ్గి మాత్రం కాదు” అని చెప్పండి. కోప్పడుతుంది, ఏడుస్తుంది. ఎదురు చెప్పకుండా వినండి.

ఇవన్నీ చేసినా పనిలో మనసు నిలవకపోయినా, బతుకు మీద విరక్తి పుట్టినా 14416కి ఫోన్ చేయండి. ప్రభుత్వ టెలీ మానస్ సేవ అది, ఉచితం. తెలుగులోనే మాట్లాడొచ్చు.