లోగో ఏం పని చేసిందో రాయి

తమ్ముడూ,

నీ వ్యాసం చదివాను. జపాన్ వీడియో గేమ్ కంపెనీ సెగా లోగోల చరిత్ర మీద తెలుగులో ఎవరైనా కూర్చుని ఇంత రాస్తారని అనుకోలేదు. ముందు అందుకు సంతోషం. బొమ్మలు వరసగా పెట్టావు, ఏడాదులు వేశావు, ఒక్కో బొమ్మ కింద రెండేసి వాక్యాలు రాశావు. కానీ చదవడం అయ్యాక నా చేతిలో మిగిలింది ఒక పట్టిక. పట్టికే కావాలంటే పాఠకుడు నీ దాకా రానక్కర్లేదు.

చిక్కు ఎక్కడుందంటే, లోగో ఎలా మారిందో రాయాలని నువ్వు మొదలెట్టావు. సెగా విషయంలో ఆ దారి ఎంతో దూరం పోదు. అక్షరం పొట్టలోంచి తెల్లగీత సాగిపోయే ఆ రూపం 1970ల మధ్యలో వచ్చింది, అప్పట్నుంచి దాదాపుగా అలాగే ఉంది. మారిందల్లా దాని వెనకున్న కంపెనీ. కదలని దాన్ని కదిలినట్టు చూపించాలి కాబట్టే ‘మరింత ఆధునికంగా తీర్చిదిద్దారు’ లాంటి మాటలు నీకు అవసరమయ్యాయి. లోగో ఎలా ఉందో రెండు ముక్కల్లో తేల్చెయ్. ఏ కాలంలో దాన్ని దేని మీద అతికించారు, అక్కడ అది ఏం పని చేసింది, ఎవరి కోసం చేసింది, అది రాయి.

మొదటి పేరానే తీసుకో. ‘1960లో జపాన్‌లో స్థాపించబడిన సెగా’ అన్నావు. ఆ ‘బడిన’ సంగతి తర్వాత మాట్లాడుకుందాం. జపాన్ కంపెనీ గుర్తులో జపాన్ లిపి ఒక్క ముక్కా ఎందుకు లేదని నీకు అనుమానం రాలేదా? దాని వేర్లు హవాయిలో ఉన్నాయి. 1940లో హొనొలులులో కొందరు అమెరికన్లు సైనిక స్థావరాలకు నాణెం వేస్తే ఆడే యంత్రాలు సరఫరా చేసే వ్యాపారం పెట్టారు. యుద్ధం అయ్యాక దాన్ని అమ్మేసి సర్వీస్ గేమ్స్ పెట్టారు. 1951లో అమెరికా స్లాట్ మెషీన్ల మీద చట్టం తెచ్చేసరికి మరుసటి ఏడాదే తమ మనుషుల్ని టోక్యో పంపారు. అక్కడి అమెరికన్ స్థావరాల్లో యంత్రాలకు గిరాకీ ఉంది మరి. సర్వీస్ గేమ్స్ అన్న రెండు మాటల మొదళ్లు కలిపితే వచ్చిందే సెగా. 1965లో అమెరికన్ వ్యాపారి డేవిడ్ రోజెన్ కంపెనీ వచ్చి కలిశాక సెగా ఎంటర్‌ప్రైజెస్ అయింది. అంటే ఆ నాలుగు ఇంగ్లీషు అక్షరాలను తొలిరోజుల్లో చదివినవాడు స్లాట్ మెషీన్ ముందు చిల్లర పట్టుకుని నిలబడ్డ అమెరికా సిపాయి. ఇది తెలిశాక లిపి గురించి వేరే వ్యాఖ్యానం అక్కర్లేదు. ‘అంతర్జాతీయ దృక్పథానికి ప్రతీక’ అని రాశావు చూశావా, అది కొట్టెయ్.

సెగా ఆటల్లోని నీలం ముళ్లపంది సోనిక్ దగ్గర నువ్వు ఒక్క వాక్యంతో దాటేశావు. నేనైతే అక్కడ కుర్చీ వేసుకుని కూర్చుంటాను. 1991 నాటి మొదటి సోనిక్ ఆట మొదలవగానే తెల్లటి తెర, మధ్యలో నీలం అక్షరాలు, వాటి మీదుగా ఒక మెరుపు జారిపోతుంది. వెంటనే కొందరు కలిసి రాగం తీసినట్టు ‘సే...గా...’ అని వినిపిస్తుంది. జపాన్ టీవీ ప్రకటనల్లో వాడిన రాగమే అది. ఇవాళ మన చెవికి అదేమంత గొప్ప కాదు. అప్పటి కార్ట్రిడ్జ్‌లో, అంటే యంత్రంలో దూర్చే ఆట పెట్టెలో మాత్రం రికార్డు చేసిన మనిషి గొంతు పెట్టడమంటే ఖరీదైన వ్యవహారం. ఆట మొత్తానికి ఉన్న చోటు 4 మెగాబిట్లు, అంటే 512 కిలోబైట్లు. దశలు, బొమ్మలు, పాటలు అన్నీ అందులోనే సర్దాలి. అంత ఇరుకులో తన పేరు తాను పలకడానికి చోటు కేటాయించుకుంది ఆ కంపెనీ! దీనికంటే మంచి ఆధారం నీకు ఎక్కడ దొరుకుతుంది?

ఇక్కడే ఒక జాగ్రత్త. ఆ ఒక్క గొంతు కార్ట్రిడ్జ్‌లో ఎనిమిదో వంతు మింగేసిందని లోకమంతా రాస్తుంది, నువ్వూ రాశావు. వినడానికి బాగుంటుంది. ఒకసారి లెక్క కట్టు. 512లో ఎనిమిదో వంతు 64 కిలోబైట్లు. ఆ ఆట నడిచే సెగా యంత్రం మెగా డ్రైవ్‌లో శబ్దం చూసుకునే జెడ్80 చిప్‌కు కార్ట్రిడ్జ్ ఒకసారికి 32 కిలోబైట్ల మేరే కనిపిస్తుంది, ఈ గొంతును ఆ హద్దులోనే ఇమిడ్చారు. అలాంటప్పుడు పదహారో వంతు దాటే వీలే లేదు. ఆట కోడ్ విప్పి చూసినవాళ్లకు దొరికింది 27 వేల బైట్లు, ఇరవయ్యో వంతుకు కాస్త ఎక్కువ. అది కూడా తక్కువేం కాదు, కథ చెడిపోదు. పదిమంది రాసిన అంకెను పదకొండోవాడివై మోసే ముందు కాగితం మీద ఒక భాగహారం చెయ్యి, అంతే.

నీ వ్యాసంలో అసలు లేనిది కోర్టు కేసు. లోగోల చరిత్రలో కోర్టు ఎందుకని వదిలేసి ఉంటావు. నాకు మాత్రం ఈ కథ మొత్తంలో అదే గుండెకాయ. అమెరికాలో మెగా డ్రైవ్‌ను జెనెసిస్ పేరుతో అమ్మారు. తమ అనుమతి లేకుండా ఆటలు తయారుచేసే వాళ్లను ఆపడానికి కొత్త యంత్రాల్లో సెగా ఒక ఏర్పాటు పెట్టింది. కార్ట్రిడ్జ్‌లో ఒక నిర్ణీత చోట ఎస్, ఇ, జి, ఎ అన్న నాలుగు బైట్లు ఉండాలి. లేకపోతే ఆట కదలదు. ఉంటే ముందుగా తెర మీద ఒక వాక్యం పడుతుంది: ఇది సెగా ఎంటర్‌ప్రైజెస్ చేసినది, లేదా వారి లైసెన్సుతో చేసినది అని. ఎత్తు అర్థమైందా? లైసెన్సు లేనివాడు ఆట నడవాలని ఆ నాలుగు బైట్లు పెడితే తెర మీద అబద్ధం పడుతుంది, ట్రేడ్‌మార్కు ఉల్లంఘన అని వాడి మీద దావా వేయొచ్చు. తాళమూ వాళ్లదే, వలా వాళ్లదే.

కాలిఫోర్నియాలోని ఎకొలేడ్ అనే కంపెనీ జెనెసిస్‌ను, దాని ఆటలను కొని, కోడ్ విప్పి, ఆ రహస్యం పట్టేసింది. 1991లో సెగా దావా వేసింది. కింది కోర్టు సెగా పక్షాన నిలిచింది. 1992లో అప్పీలు కోర్టు దాన్ని తిరగేసింది. పనికి అవసరమైన భాగాలు తెలుసుకోవడానికి వేరే దారి లేనప్పుడు కోడ్ విప్పి చూడటం కాపీరైటు చట్టం ప్రకారం న్యాయమైన వాడకమేనంది. తెర మీది తప్పుడు వాక్యం సంగతికొస్తే, ఆ గందరగోళానికి కారణం దాన్ని అక్కడ పెట్టిన సెగాయేనని చెప్పింది. సాఫ్ట్‌వేర్ న్యాయవాదులు ఇప్పటికీ ఉదహరించే తీర్పు ఇది. దీనికి కనీసం మూడు పేరాలు ఇవ్వు. బొమ్మగా ఉన్న పేరు కాపలావాడయింది, ఆ కాపలా కోర్టులో చెల్లలేదు. దీని ముందు రంగుల మార్పు ఏపాటి?

సెగా తర్వాతి ఆట యంత్రం డ్రీమ్‌కాస్ట్ మీది సుడి గుర్తు గురించి ఎక్కువ అక్కర్లేదు. ఒక్కటి సరిచెయ్. జపాన్‌లో నారింజ రంగులో ఉన్న సుడి యూరప్‌లో నీలమైంది ‘అక్కడి అభిరుచులకు తగ్గట్టు’ కాదు. జర్మనీలో టివోలా అనే ప్రచురణ సంస్థకు అప్పటికే అలాంటి సుడి గుర్తు ఉంది. గొడవ తప్పించుకోవడానికి రంగు మార్చారు. కారణం తెలియనప్పుడు అభిరుచి మీదకు నెట్టేయడం మనలో చాలామందికి ఉన్న జబ్బే.

2001 దగ్గర మాత్రం మళ్లీ నెమ్మదించు. ఆ మార్చిలో డ్రీమ్‌కాస్ట్ తయారీ ఆపేశారు. సొంత యంత్రం ఇక లేదు. సెప్టెంబరులో జపాన్‌లో పోటీ కంపెనీ నింటెండో యంత్రం గేమ్‌క్యూబ్ విడుదలైన రోజునే సూపర్ మంకీ బాల్ అనే ఆటతో సెగా పేరు ఆ తెర మీదకొచ్చింది, డిసెంబరుకల్లా సోనిక్ కూడా వచ్చేశాడు. పదేళ్ల కిందట ప్రకటనల్లో నింటెండోను పేరు పెట్టి వెక్కిరించిన కంపెనీ ఇది. అక్షరాలు అవే, గీత అదే. సొంతిల్లు అమ్ముకుని, దాయాది వాటాలో అద్దెకు దిగి, గుమ్మానికి పాత పేరు పలకే కొట్టుకున్నట్టు. నీ పట్టికలో 2001కి ‘మార్పు లేదు’ అని ఉంది. నా లెక్కలో ఆ లోగో బతుకులో అతి పెద్ద మార్పు అదే.

చివర్లో ఆర్కేడ్లను, అంటే జనం వచ్చి నాణెం వేసి ఆడే సెగా ఆటల కేంద్రాలను కూడా చేర్చు. కరోనా దెబ్బకు 2020 చివర్లో ఆ వ్యాపారంలో 85.1 శాతం గెండా అనే సంస్థకు అమ్మారు. 2022 జనవరిలో మిగిలిన 14.9 శాతమూ పోయింది. ఆర్కేడ్ల మీద సెగా బోర్డులు దించి గీగో అని పెట్టారు. కంపెనీ ఉంది, ఆటలు వస్తున్నాయి, ఆ ఆర్కేడ్ల మీద పేరు మాత్రం లేదు.

ఇక చిల్లర సంగతులు. ‘నీలం నమ్మకానికి చిహ్నం’ లాంటి వాక్యాలు నీ వ్యాసంలో ఎన్ని ఉన్నాయో అన్నీ తీసెయ్. ఆ మాట ఏ బ్యాంకు లోగోకైనా రాసుకోవచ్చు. ‘స్థాపించబడిన’, ‘రూపొందించబడిన’ అన్నచోటల్లా ఎవరు చేశారో వెతికి వాక్యంలో కూర్చోబెట్టు. పేరు దొరక్కపోతే వాక్యమే వద్దు. అన్ని లోగోలకూ సమానంగా చోటివ్వాలన్న నియమం ఎవరూ పెట్టలేదు. ఒకదానికి వాక్యం, ఇంకోదానికి రెండు పేజీలు ఇచ్చినా ఎవరూ అడగరు.

తిరగరాసి పంపు. నువ్వు చెప్పిన పత్రికకు నేను ఫోన్ చేస్తాను గానీ అది చదివాకే. బొమ్మలు విడి ఫైళ్లుగా పెట్టు, ఏది ఏ యంత్రం మీదిదో వాటి పేర్లలోనే రాయి.

ఉంటాను,
మీ అన్నయ్య