బొల్లికి లైటు ట్రీట్‌మెంట్ ఇస్తే రంగు ఎలా వస్తుంది? రేడియేషన్ కదా, ప్రమాదం లేదా?

మీ చెల్లికి బుగ్గ మీద, వేళ్ల చివర్ల బొల్లి మచ్చలు వచ్చాయని, డాక్టరు వారానికి మూడుసార్లు లైటు పెట్టించుకోమన్నారని రాశారు. "రేడియేషన్ అంటే కాన్సర్ రాదా? దాని బదులు పొద్దున్నే ఎండలో కూర్చుంటే పోదా?" అని మీ అమ్మగారి అనుమానం. నేను డాక్టర్ని కాను, పధ్నాలుగు నెలలు ఆ లైట్ల పెట్టెలో నిలబడ్డవాణ్ని. నాకు తెలిసింది చెప్తాను.

అది నిలువు బీరువాలా ఉంటుంది. లోపల చుట్టూ పొడుగాటి ట్యూబులు. కళ్లకు నల్ల అద్దాలు పెట్టుకుని నిలబడాలి, మొదట్లో నిమిషం కూడా ఉంచరు. రెండున్నర నెలలు ఏమీ కనిపించలేదు. రోజూ అద్దంలో చూసుకోవడం, విసుక్కోవడం. తర్వాత ఒకరోజు స్నానం చేస్తుంటే పిక్క మీది మచ్చలో గసగసాలు చల్లినట్టు గోధుమరంగు చుక్కలు కనిపించాయి. రంగు అంచుల నుంచి లోపలికి వస్తుందనుకుంటే, ఇది మచ్చ నడిమధ్యలో మొలిచింది. దగ్గరగా చూస్తే ఒక్కో చుక్క మధ్యలో ఒక్కో వెంట్రుక.

డాక్టరుగారు చెప్పింది అప్పుడు అర్థమైంది. బొల్లిలో మన రోగనిరోధక కణాలే పొరపాటున రంగు తయారుచేసే కణాలను (మెలనోసైట్లు) చంపేస్తాయి. పైచర్మంలో ఉన్నవి పోయినా, వెంట్రుక కుదురు లోపల కొన్ని ముడి కణాలు దాక్కుని మిగులుతాయి. ఆ ట్యూబుల నుంచి వచ్చే అతినీలలోహిత కాంతి తరంగదైర్ఘ్యం సుమారు 311 నానోమీటర్లు. ఆ కాంతి పడితే ఈ దాక్కున్న కణాలు విభజన మొదలుపెట్టి, వెంట్రుక కుదురు గోడ పట్టుకుని పైకి పాకి, చర్మంలో స్థిరపడి, మెలనిన్ అనే రంగు పదార్థం తయారుచేస్తాయి. ఒక్కో మెలనోసైటు చుట్టుపక్కల ముప్పైకి పైగా చర్మకణాలకు రంగు పంచుతుంది. అందుకే చుక్క పెద్దదై, పక్క చుక్కతో కలుస్తుంది. ఇంకోపక్క అదే కాంతి, దాడి చేస్తున్న రోగనిరోధక కణాల దూకుడునూ తగ్గిస్తుంది. ఇదంతా వారాల మీద జరిగే పని, ఆరు నెలలు చూడకుండా పని చేయలేదని మానేయకండి.

ఇక అమ్మగారి భయం. అది ఉత్త భయం అని నేను అనను. అసలు ఎండకు మనం నల్లబడేదే కణానికి దెబ్బ తగిలి. అతినీలలోహిత కాంతి చర్మకణంలోని డీఎన్ఏలో పక్కపక్కనున్న రెండు థైమిన్లను (డీఎన్ఏ గొలుసులోని ఒక రకం ముక్కలు) అతికించేస్తుంది. దెబ్బతిన్న కణం రసాయన సంకేతం పంపితే మెలనోసైట్లు రంగు పంపిస్తాయి, ఆ రంగు కణకేంద్రకం పైన గొడుగులా చేరుతుంది. అతుకును కణం కత్తిరించి బాగుచేసుకుంటుంది. అందుకే రోజు విడిచి రోజు ఇస్తారు, కొద్దికొద్దిగా పెంచుతారు. ఎక్స్-రేలాగా ఇది ఒళ్లు దాటి వెళ్లదు, చర్మం పైపొరల్లోనే ఆగిపోతుంది. బొల్లికి ఈ లైటు తీసుకున్నవాళ్లను పరిశీలించినప్పుడు ఇప్పటిదాకా చర్మ కాన్సర్ స్పష్టంగా పెరిగినట్టు కనిపించలేదు. అలాగని ఇష్టమొచ్చినంత పెట్టించుకోవచ్చని కాదు.

ఎండ చాలదా అంటే, నా పిక్కే సాక్ష్యం. చిన్నప్పుడు అమ్మమ్మ బావంచాల నూనె రాసి ఎండలో కూర్చోబెట్టింది. రెండో రోజుకి నిమ్మకాయంత బొబ్బలు. బావంచాల్లో సొరాలెన్ అనే రసాయనం ఉంటుంది, ఎండ తగలగానే అది డీఎన్ఏకు అతుక్కుంటుంది. వైద్యంలోనూ వాడతారు, కానీ కాంతిని కొలిచి ఇస్తారు. ఎండలో ఆ కొలత ఎక్కడుంది? పైగా మచ్చ చుట్టూ ఉన్న చర్మం నల్లబడి మచ్చ ఇంకా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. కిటికీ అద్దం వెనక కూర్చోవడం మరీ దండగ, మనకు కావలసిన కిరణాలను అద్దమే ఆపేస్తుంది. (చేపలు తిని పాలు తాగితే బొల్లి వస్తుందని మీ ఇంట్లోనూ అంటుంటే పట్టించుకోకండి. నాతో పదేళ్లు చేపల పులుసు మాన్పించారు!)

ఒక జాగ్రత్త. పెళ్లికని ఊరెళ్లి మూడు వారాలు మానేసి, తిరిగొచ్చాక ఆ సంగతి చెప్పకుండా లోపలికెళ్లాను. వాళ్లూ అడగలేదు, పాత టైమే పెట్టారు. ఆ రాత్రి దుప్పటి తగిలినా మంటే. సెషన్లు తప్పితే తప్పక చెప్పండి.

ఇవాళే మంచి వెలుతురులో చెల్లి బుగ్గ మీది మచ్చ చూడండి. దాని మీది నూగు నల్లగా ఉంటే కుదుర్లలో కణాలు మిగిలే ఉన్నట్టు. తెల్లబడితే కాస్త కష్టం. ముఖం మామూలుగా అన్నిటికంటే బాగా స్పందిస్తుంది. వేళ్ల చివర్ల సంగతి మాత్రం తనకు ముందే చెప్పి ఉంచండి, అక్కడ వెంట్రుకలు లేవు. నావి ఇప్పటికీ తెల్లగానే ఉన్నాయి.