మనవల సంరక్షణ, పెద్దలకు కోవిడ్ భయం

ప్రశ్న: 65 దాటిన మా అత్తమామలే, మేము ఉద్యోగాలకు వెళ్ళినప్పుడు పిల్లలను చూసుకుంటారు. మామగారికి మధుమేహం ఉంది. పిల్లల నుంచి వారికి కోవిడ్ సోకుతుందా?
– ఒక పాఠకురాలు, గుంటూరు

జవాబు: సోకే అవకాశం ఉందమ్మా. పిల్లల్లో ఈ వ్యాధి తరచు మామూలు జలుబులా, ఒక్కోసారి ఏ లక్షణమూ లేకుండా వచ్చిపోతుంది కనుక, వారిని ఒడిలో కూర్చోబెట్టుకొని అన్నం తినిపించే పెద్దలకు తెలియకుండానే అంటుకోవచ్చు. మధుమేహం ఉన్న వృద్ధుల్లో అది తీవ్రమయ్యే ప్రమాదమూ ఎక్కువే. అయినా మనవలను వారికి దూరం చేయమని నేను చెప్పలేను, ఆ ఎడబాటు కూడా పెద్దలను కుంగదీస్తుంది. మన దేశంలో 60 దాటినవారికి 2021 మార్చి 1న టీకాలు మొదలయ్యాయి. మామగారికి ఇంకో మోతాదు అవసరమేమో వైద్యుణ్ణి అడగండి. పిల్లలకు జ్వరమో దగ్గో ఉన్నప్పుడు మాత్రం, కష్టమైనా సరే, మీ దంపతుల్లో ఒకరు సెలవు పెట్టి వారిని చూసుకోండి, గది కిటికీలు తెరిచి ఉంచండి. మామగారికి జ్వరం వస్తే ఆలస్యం చేయకుండా పరీక్ష చేయించండి.