నాలుగడుగుల అక్వేరియం లీకవుతోంది, బయట నుంచి సిలికాన్ పూస్తే ఆగుతుందా?

ఆగదండీ, బయట నుంచి పూయకండి. మీ ట్యాంకు నాలుగడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు, రెండడుగుల ఎత్తు అన్నారు. కుడివైపు ముందు మూలలో నేల తడుస్తోందని, అద్దాల షాపతను బయట ఒక గీత సిలికాన్ వేస్తే చాలన్నాడని రాశారు. రెండడుగుల లోతులో నీళ్లు చదరపు అడుగుకు దాదాపు 57 కిలోల బరువుతో అద్దాన్ని బయటికి తోస్తుంటాయి. బయట వేసిన పూతను ఆ నీళ్లే ఊడదీస్తాయి. పైగా తడి అద్దానికి సిలికాన్ అంటుకోదు. ఎం-సీల్ పెట్టినా మూణ్ణాళ్ల ముచ్చటే.

అన్నిటికంటే ముందు, తడి నేల దగ్గర ప్లగ్గు బోర్డు ఉంటే దాని కరెంటు ఆపేయండి. లీకు సంగతి ఆ తర్వాతే.

అసలు అది లీకేనా అన్నది తేల్చుకోవాలి. తిరుపతి ఎండల్లో, ఫ్యాను కింద, మూత లేని ట్యాంకులో నీళ్లు రోజూ కంటికి తెలిసేంత తగ్గుతాయి. పక్కనే ఒక బకెట్టు నిండా నీళ్లు పెట్టి రెండింటికీ మార్కరుతో గీత గీయండి. ఎయిర్ పంపు బుడగల వల్ల ట్యాంకులో కాస్త ఎక్కువే ఆవిరవుతుంది, అది లెక్కలోకి తీసుకోండి. రెండూ ఇంచుమించు సమానంగా తగ్గితే అతుకుల్లో లోపం లేదు, నేల మీది తడి మూత పక్కనుంచి చిందేదో, ఫిల్టరు పైపుదో అయి ఉంటుంది. బయట పెట్టే ఫిల్టరైతే దాని పైపు బిగింపులు పొడి టిష్యూతో తుడిచి చూడండి. ఎయిర్ పంపు నీటిమట్టం కంటే కింద ఉంటే, కరెంటు పోయినప్పుడు నీళ్లు ఆ సన్న పైపులోంచి వెనక్కి వస్తాయి. చెక్ వాల్వు పెడితే ఆ బాధ ఉండదు.

ఇక అతుకుల సంగతి. నీళ్లు కనబడిన చోటే కారుతున్నాయనుకోవద్దు. కొర్లగుంటలో మా ఇంట్లో ఉన్నదీ ఇంచుమించు ఇదే కొలత ట్యాంకు. నీళ్లు ముందు మూలలో కనబడేవి, కారేది మాత్రం వెనక ఎడమ అతుకులో. మన ఇళ్లలో కడిగిన నీళ్లు పోవడానికి నేలకు వాలు పెడతారు కదా, నీళ్లు ట్యాంకు కింద పరిచిన థర్మకోల్ అడుగుగా ఆ వాలు వెంబడి వచ్చేవి. దాన్ని పట్టించింది ముగ్గుపిండి. ట్యాంకు అడుగు అంచు చుట్టూ పొడిగా తుడిచి సన్నగా పిండి చల్లితే, మొదట తడిసే చోట చిక్కటి మచ్చ పడుతుంది.

ఎత్తు కనుక్కోవడం ఇంకా తేలిక. చేపలు మునిగి ఉండేంత వరకు నీళ్లు కారనివ్వండి. మట్టం ఒకచోట ఆగిపోతే లీకు సరిగ్గా అక్కడే ఉంది, దాని కింది అతుకులు బాగున్నట్టే. ఆగకపోతే అడుగు అతుకు. మాది సగానికి కొంచెం కింద ఆగింది. అక్కడ టార్చి వేసి చూస్తే సిలికాన్ వెనక, అద్దానికీ దానికీ మధ్య, పచ్చటి పాచి సన్న చారగా పాకి ఉంది. పూత లేచిపోయిందనడానికి అంతకంటే గుర్తు అక్కర్లేదు. మీవి బోరు నీళ్లయితే బయటి వైపు తెల్లటి ఉప్పు చార కూడా కనబడుతుంది.

అతుకు ఎందుకు లేచిందో చూడకుండా బాగుచేస్తే మళ్లీ అదే కథ. మీ ట్యాంకులో నిండా 340 లీటర్లు, అంటే 340 కిలోలు, అద్దం, గులకరాళ్లు కాకుండా. స్టాండు ఒక కాలు కుంగినా ఆ బరువంతా ఒక మూలను మెలిపెడుతుంది. మేస్త్రీల దగ్గర ఉండే రసమట్టం అడిగి తెచ్చి పొడవునా, అడ్డంగా పెట్టి చూడండి.

చేపల్ని పొద్దున్నే చల్లటి వేళ మార్చండి. ట్యాంకు నీళ్లనే పెద్ద డ్రమ్ములో పోసి, ఎయిర్ పంపు పెట్టి, నీడన ఉంచండి. నీళ్లు వేడెక్కితే వాటిలో ఆక్సిజన్ తగ్గుతుంది. ఫిల్టరు స్పాంజిని కుళాయి కింద కడగొద్దు, అందులోని మంచి బ్యాక్టీరియా క్లోరిన్‌కి చచ్చిపోతుంది. దాన్నీ డ్రమ్ములోనే నడపండి. మేత బాగా తగ్గించండి.

కారిన చోట ఒక్క ముక్క పూసి వదిలేయొద్దు. కొత్త సిలికాన్ పాతదాని మీద సరిగా పట్టదు, కలిసిన చోటే మళ్లీ కారుతుంది. లోపలి మూలల్లోని పూతనంతా బ్లేడుతో గీకేయండి. రెండద్దాల మధ్య ఇరుక్కున్న సిలికాన్‌ని మాత్రం ముట్టుకోవద్దు, ట్యాంకును పట్టి ఉంచేది అదే. ఎసిటోన్‌తో తుడిచి పూర్తిగా ఆరనివ్వండి. మీ ట్యాంకులో అతుకులన్నీ కలిపి 19 అడుగులు, ఒక ట్యూబు బొటాబొటిగా సరిపోతుంది, రెండు తెచ్చుకోండి. బూజు పట్టదని రాసిన బాత్‌రూం రకం వద్దు, ఆ మందు చేపలకు విషం. అక్వేరియంకి పనికొస్తుందని రాసి ఉన్న, వెనిగర్ వాసన వచ్చే రకం తీసుకోండి. అతుక్కి రెండు వైపులా మాస్కింగ్ టేపు అంటించి, పూసి, వేలితో ఒకే ఊపున నున్నగా లాగి, పైన పొర కట్టకముందే టేపు తీసేయండి. ఒక్కో అతుకూ విడిగా చేసుకుంటే తొందర పడక్కర్లేదు.

తర్వాత వారం రోజులు ఆగండి. సిలికాన్ గాలిలోని తేమతో గట్టిపడుతుంది, పైన ఆరినట్టున్నా లోపల పచ్చిగానే ఉంటుంది. వెనిగర్ వాసన పూర్తిగా పోవాలి. వాకిట్లో చదును చోట, థర్మకోల్ మీద, కింద న్యూస్‌పేపర్లు పరిచి మూడో వంతు, సగం, నిండా, ఇలా రోజుకింత నింపి చూడండి. తిరిగి చేపల కోసం మునిసిపల్ నీళ్లు పోసేటప్పుడు క్లోరిన్ విరిచే మందు మర్చిపోకండి.

అడుగద్దం పగిలినా, రెండద్దాల మధ్య సిలికాన్‌లో గాలి బుడగలు ఇవతలి నుంచి అవతలిదాకా కలిసిపోయినా ఇదంతా పనికిరాదు. విప్పి మళ్లీ కట్టించాలి, లేదా కొత్తది కొనాలి. అందుకే మీ ట్యాంకు నాలుగు మూలల ఫోటోలు, ముఖ్యంగా వెనకవైపువి, టార్చి వెలుగులో తీసి పెట్టండి. చూసి అది ఏ రకమో చెబుతాను.