మా బిడ్డ రీసెర్చ్ చేస్తానంటోంది, పంపాలా? బీఈడీ చేయించాలా?

ప్రశ్న: సార్, మాది మునుగోడు దగ్గర పల్లె. నాలుగెకరాల్లో పత్తి వేస్తాను. మా బిడ్డ నల్లగొండలో బీఎస్సీ లైఫ్ సైన్సెస్ ఆఖరి సంవత్సరం. మా అమ్మకు ఫ్లోరైడ్ రోగం వచ్చి నడుము వంగిపోయింది, చివరి పదేళ్లు మంచంలోనే ఉండి పోయింది. బిడ్డ అది చూస్తూ పెరిగింది. ఇప్పుడు ‘ఆరోగ్యం, సమాజం మీద రీసెర్చ్ చేస్తా’ అంటోంది. బీఈడీ చేస్తే టీచరన్నా అవుతుందని నేను, మా ఇంటామె అనుకుంటున్నాం. సంబంధాలు కూడా వస్తున్నాయి. ఈ చదువుకు ఉద్యోగం ఉంటుందా? ఎన్నేళ్లు? ఎంత ఖర్చు? ఫారిన్ పోవాల్సి వస్తుందా?

జవాబు: నా మాట ముందే చెప్పేస్తాను. పంపండి. కాకపోతే రెండు షరతులు పెట్టండి. ఫెలోషిప్, అంటే పరిశోధన చేసేవాళ్లకు నెలనెలా ఇచ్చే డబ్బు, చేతికి రాకుండా పీహెచ్‌డీలో చేరకూడదు. ఆ పీహెచ్‌డీకి ముందు కనీసం ఒక ఏడాది ఊళ్లు తిరిగే ఉద్యోగం చేయాలి. ఎందుకో చెబుతాను.

రీసెర్చ్ అనగానే మీ కళ్ల ముందు తెల్ల కోటు, గాజు గొట్టాలు కనిపిస్తున్నట్టున్నాయి. మీ బిడ్డ చెప్పేది దానికి చుట్టమే కానీ అదే కాదు. ఆమె మనసులో ఉన్న ప్రశ్న ఏమిటో మీ జిల్లా కథతోనే చూపించవచ్చు.

మన దేశంలో ఫ్లోరోసిస్‌ను, అంటే ఈ ఫ్లోరైడ్ రోగాన్ని, 1937లో అప్పటి నెల్లూరు జిల్లాలో గుర్తించి రాశారు. నల్లగొండ జిల్లాలో ఈ రోగం ఎలా ఉందో 1955లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో అచ్చయింది. అంటే నల్లగొండ పల్లెల బావి నీళ్లలో ఏముందో, అది ఎముకలను ఏం చేస్తుందో లండన్‌లో చదివేవాళ్లకు 1955 నాటికే తెలుసు. లీటరు నీటిలో ఫ్లోరైడ్ ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. ఆ లెక్కా కొత్తది కాదు. మరి ఇంటింటికీ కృష్ణా నీళ్లు నల్లాలో రావడానికి మిషన్ భగీరథ దాకా, అంటే ఇంకో 60 ఏళ్లు ఎందుకు పట్టింది? మీ అమ్మగారి నడుము వంగింది ఆ 60 ఏళ్ల మధ్యలోనే. రోగం సంగతి డాక్టరు చెబుతాడు, నీళ్ల సంగతి ఇంజనీరు చెబుతాడు. తెలిసిన సంగతికీ చేసిన పనికీ నడుమ అన్నేళ్లు ఎందుకు గడిచాయో వెతకడం మూడో రకం పని. మీ బిడ్డ చేస్తానంటున్నది అదే. మనలాంటి దేశాల్లో ఆరోగ్యం, సైన్సు, సమాజం కలిసే చోట జరిగే పరిశోధన అంటే ఇదే.

ఇంకో సంగతి. నీళ్లలో పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్ కలిపి ఫ్లోరైడ్‌ను అడుగుకు దించే పద్ధతి ఒకటుంది. నాగపూర్‌లోని జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ (నీరి) శాస్త్రవేత్తలు దాన్ని తయారుచేసి ‘నల్లగొండ టెక్నిక్’ అని పేరు పెట్టారు. ఆ పేరుతోనే అది ఇథియోపియా, కెన్యా, టాంజానియాల దాకా వెళ్లింది. అక్కడి నేలల్లో కూడా మనలాగే ఫ్లోరైడ్ ఎక్కువ. రసాయనం దృష్టిలో చూస్తే పద్ధతి బాగానే పనిచేస్తుంది. కానీ రోజూ కొలతేసి కలపాలి, కాసేపు కలియబెట్టాలి, తేరేదాకా ఆగాలి, అడుగున పేరుకున్న మడ్డిని ఎక్కడో పారేయాలి. ఆ పని ఎవరు చేస్తారు? పత్తి ఏరడానికి పొద్దున్నే పోయే ఆడమనిషా? జీతం సరిగ్గా అందని పంచాయతీ ఆపరేటరా? పటిక అయిపోతే ఎవరు కొంటారు? ల్యాబులో గెలిచినవి ఊళ్లో ఓడిపోయేది ఇలాంటి చోటే. ఈ ఓటమి ఎలా జరుగుతుందో చూడాలంటే ఊళ్లో ఉండి చూడాలి. ఊరి మాట రాని మనిషికి అది సగమే కనిపిస్తుంది.

1970లలో హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ, అదే ఎన్‌ఐఎన్, మీ జిల్లాలో చేసిన పని నాకు చాలా ఇష్టం. పిల్లలకు, పడుచువాళ్లకు మోకాళ్లు ఒకదానికొకటి రాసుకునేలా కాళ్లు వంకర పోవడం అప్పుడు చూశారు. ఫ్లోరైడ్ ఒక్కటే కారణమైతే మరో చోట ఇలా ఎందుకు లేదు అని అడిగారు. సాగర్ కట్టాక భూమిలో నీటిమట్టం పెరిగి, నేలలో ధాతువుల పాళ్లు మారి, జొన్నలో మాలిబ్డినం అనే ధాతువు ఎక్కువైందేమో, దానివల్ల ఒంట్లో రాగి తగ్గిందేమో అన్నారు. అన్నం తినేవాళ్ల కంటే జొన్న తినేవాళ్ల ఒంట్లో ఫ్లోరైడ్ ఎక్కువగా నిలుస్తుందని మరో పరిశీలన. తర్వాతి కాలంలో అదే సంస్థ, చింతపండు తింటే మూత్రంలో ఫ్లోరైడ్ ఎక్కువగా బయటికి పోతోందని చూపించింది. ఒక ఆనకట్ట, ఒక రొట్టె, ఒక పులుసు. రోగం ఇన్ని చోట్ల నుంచి వస్తుంది, పోతుంది. మీ బిడ్డ చిన్నప్పటి నుంచి ఈ మూడింటి మధ్యే పెరిగింది.

పాలమూరు వైపు చూసినా ఇంతే. దేవరకద్ర దగ్గరి డోకూరు, అప్పటి మహబూబ్‌నగర్ జిల్లాలోని ఔరేపల్లి, ఈ రెండు ఊళ్లలో పటాన్‌చెరు దగ్గరి అంతర్జాతీయ పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్ 1975 నుంచి ఇంటింటి లెక్కలు రాసింది. ఎంత పండింది, ఎంత అప్పు, ఎవరు వలస పోయారు, అన్నీ. సర్వే చేసేవాళ్లు ఆ ఊళ్లలోనే కాపురం ఉండి రాశారు. కరువొస్తే పేద కుటుంబం ఎలా నెట్టుకొస్తుందో తెలుసుకోవడానికి ప్రపంచంలోని పెద్ద పెద్ద ఆర్థికవేత్తలు ఔరేపల్లి లెక్కలు ముందేసుకున్నారు. ఆక్స్‌ఫర్డ్ వాళ్ల ‘యంగ్ లైవ్స్’ అధ్యయనం 2002 ప్రాంతంలో ఇథియోపియా, పెరూ, వియత్నాంలతో పాటు మన ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మొదలైనప్పుడు, ఎంచుకున్న జిల్లాల్లో మహబూబ్‌నగర్ కూడా ఉంది. ఇక్కడ మూడు వేల మంది పిల్లలను ఏళ్ల తరబడి గమనించారు.

మన ఊళ్ల మీద కాగితాలు ఇన్ని ఉన్నాయి. వాటి మీద సంతకం పెట్టిన మన ఊళ్ల పిల్లలు చాలా తక్కువ. వయసులో ఉన్నప్పుడు నేను కూడా ఒక సర్వేలో దేవరకొండ వైపు తిరిగాను. ఒక ముసలమ్మ నా ప్రశ్నలన్నిటికీ ఓపిగ్గా జవాబు చెప్పి చివర్లో, ‘రాసుకపోతరు బిడ్డా, మల్ల ఎవ్వరు రారు’ అంది. ఆ సంస్థ నిజంగానే మళ్లీ పోలేదు, ఏం తేలిందో ఆమెకు చెప్పలేదు. నేనూ పోలేదు. అది ఇప్పటికీ నన్ను బాధపెడుతుంది. మీ బిడ్డ విషయంలో ఇంత గట్టిగా పంపండి అంటున్నానంటే అది కూడా ఒక కారణం. ఆమె మళ్లీ రాక తప్పదు, ఇల్లు అక్కడే ఉంది కదా.

ఇక డబ్బు, ఏళ్లు, ఉద్యోగం. తండ్రిగా మీకు నిద్ర పట్టనిది ఇక్కడే.

డిగ్రీ తర్వాత రెండేళ్ల పీజీ. మాస్టర్ ఆఫ్ పబ్లిక్ హెల్త్, లేదా సోషియాలజీ, డెవలప్‌మెంట్ స్టడీస్, న్యూట్రిషన్, జనాభా అధ్యయనం, వీటిలో ఏదైనా సరే. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ, టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సోషల్ సైన్సెస్ (టిస్), ఢిల్లీ జేఎన్‌యూ, జనాభా చదువులకు ముంబైలోని ఐఐపీఎస్ మంచివి. సెంట్రల్ యూనివర్సిటీల్లో ఫీజు తక్కువ, హాస్టల్ ఉంటుంది, ఎక్కువ సీట్లకు దారి సీయూఈటీ-పీజీ అనే ఉమ్మడి ప్రవేశ పరీక్షే. హైదరాబాద్‌లోనే ఉన్న ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ పబ్లిక్ హెల్త్ చదువు మంచిదే, ఫీజు మాత్రం సెంట్రల్ యూనివర్సిటీ కంటే చాలా ఎక్కువ. నాలుగెకరాల పత్తి మీద అప్పు తెచ్చి అక్కడ కట్టమని నేను చెప్పను. ముందు సెంట్రల్ యూనివర్సిటీకే గట్టిగా ప్రయత్నించాలి.

పీజీ తర్వాత ఒక ఏడాది ఏదైనా ప్రాజెక్టులో ఫీల్డ్ ఇన్వెస్టిగేటర్‌గానో, రీసెర్చ్ అసిస్టెంట్‌గానో చేయాలి. జీతం 20 వేలకు అటూ ఇటూ ఉంటుంది, కాంట్రాక్టు. ఎండలో తిరగాలి, తలుపు వేసేవాళ్లుంటారు, రాత్రి కూర్చుని ఫారాలు సరిచూసుకోవాలి. ఈ ఏడాది తర్వాత కూడా ఇష్టం మిగిలితే అది గట్టి ఇష్టం. మిగలకపోతే పబ్లిక్ హెల్త్ పీజీతో ఆరోగ్య శాఖ కార్యక్రమాల్లో, స్వచ్ఛంద సంస్థల్లో, సర్వే సంస్థల్లో ఉద్యోగాలు ఉంటాయి. చదువు వృథా పోదు.

పీహెచ్‌డీకి జేఆర్‌ఎఫ్, అంటే నేను మొదట చెప్పిన ఫెలోషిప్, పరీక్ష రాసి కొట్టాలి. దానికి రాసే యూజీసీ నెట్ పరీక్షలో ‘సోషల్ మెడిసిన్ అండ్ కమ్యూనిటీ హెల్త్’ అని ఒక సబ్జెక్టే ఉంది, చాలామందికి తెలియదు. భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) పెట్టిన జేఆర్‌ఎఫ్ పరీక్షలో కూడా లైఫ్ సైన్సెస్‌తో పాటు సోషల్ సైన్సెస్ విభాగం ఉండేది, ఇప్పటి పద్ధతి ఏమిటో కనుక్కోవాలి. జేఆర్‌ఎఫ్ వస్తే 2023 జనవరి నుంచి ఉన్న లెక్క ప్రకారం నెలకు 37 వేలు, రెండేళ్ల తర్వాత 42 వేలు. అప్పుడు ఇంటి నుంచి రూపాయి పంపనక్కర్లేదు, ఆమే ఇంటికి పంపగలదు. ఆ ఫెలోషిప్ లేకుండా, ‘చేరు, తర్వాత చూద్దాం’ అన్న మాట నమ్మి చేరిన పిల్లలను చూశాను. నా స్నేహితుడొకడు ఏడేళ్లు గైడ్ ఇంటి పనులు, ఆఫీసు పనులు చేస్తూ గడిపి థీసిస్ ఇవ్వకుండానే బయటికొచ్చాడు. కాబట్టి గైడ్‌ను ఎంచుకునే ముందు ఆయన దగ్గర ఇంతకుముందు చేసిన విద్యార్థులు ఎన్నేళ్లలో ముగించారో, ఇప్పుడెక్కడున్నారో వాళ్లనే అడగాలి. ఈ ఒక్క విషయంలో మొహమాటం పనికిరాదు.

మొత్తం లెక్క వేస్తే పీజీ రెండేళ్లు, ఫీల్డు ఒక ఏడాది, పీహెచ్‌డీ నాలుగైదేళ్లు. పెద్ద దారే. యూనివర్సిటీ టీచరు ఉద్యోగాలకు నోటిఫికేషన్లు ఎప్పుడొస్తాయో ఎవరూ చెప్పలేరు. పరిశోధన సంస్థల్లో ఉద్యోగాలు ఎక్కువగా ప్రాజెక్టు ఉన్నన్నాళ్లే. ఈ మాట దాచి మిమ్మల్ని ఒప్పించడం నాకు ఇష్టం లేదు.

ఫారిన్ తప్పనిసరి కాదు. లండన్‌లో, లివర్‌పూల్‌లో ఈ చదువుకు నూరేళ్లు దాటిన సంస్థలున్నాయి, నిజమే. పోవాలనుకుంటే బీసీ విద్యార్థులకు మహాత్మా జ్యోతిబా ఫూలే, ఎస్సీ, ఎస్టీలకు అంబేడ్కర్ పేరుతో తెలంగాణ ప్రభుత్వ ఓవర్సీస్ విద్యానిధి పథకాలున్నాయి. కుటుంబ ఆదాయం, డిగ్రీ మార్కుల షరతులుంటాయి, కాబట్టి ఆఖరి సెమిస్టర్ మార్కులు తగ్గకుండా చూసుకోమనండి. అది పీజీ అయ్యాక ఆలోచించే విషయం.

బీఈడీ మాట. టీచర్ ఉద్యోగం మంచిది, దాన్ని తక్కువ చేసి మాట్లాడను. కానీ బీఈడీ తలుపు రెండేళ్ల తర్వాత కూడా తెరిచే ఉంటుంది. ఇరవై ఒకటేళ్ల వయసులో ఉన్న ఈ పట్టుదల రెండేళ్లు పక్కన పెడితే అలాగే ఉంటుందని మాత్రం నేను చెప్పలేను. పెళ్లి సంగతి కూడా అడిగారు కాబట్టి చెబుతున్నాను, పీజీ అయ్యేదాకా ఆ మాట ఎత్తకండి. సంబంధం తెచ్చిన వాళ్లతో ‘చదువు అవుతోంది’ అని మీరే చెప్పండి. ఆ మాట ఆమె చెప్తే గొడవ, మీరు చెప్తే మర్యాద.

ఇప్పుడు ఆమె చేయాల్సింది. స్టాటిస్టిక్స్ నేర్చుకోవాలి. లైఫ్ సైన్సెస్ పిల్లలు దీనికి భయపడతారు, కానీ ఈ రంగంలో అది రాకపోతే జీవితమంతా పక్కవాళ్ల లెక్కలు నమ్ముకోవాలి. ‘ఆర్’ అనే సాఫ్ట్‌వేర్ ఉచితంగా దొరుకుతుంది, మామూలు ల్యాప్‌టాప్ చాలు. రోజుకో పేజీ ఇంగ్లిష్ పరిశోధన వ్యాసం చదవాలి, అర్థమైనంత తెలుగులో రాసుకోవాలి. టెన్షన్ పడొద్దని చెప్పండి, మొదటి రెండు నెలలు అందరికీ సగమే అర్థమవుతుంది.

సెలవుల్లో ఒక చిన్న పని చేయమనండి. ఊళ్లో నల్లా నీళ్లు వస్తున్నా చాలా ఇళ్లలో ఇరవై లీటర్ల వాటర్ డబ్బా కొంటున్నారు, మీ ఊళ్లోనూ ఉండే ఉంటుంది. ఎందుకు కొంటున్నారు? రుచా, భయమా, అలవాటా, నల్లా వచ్చే వేళా? ఇరవై ఇళ్లకు పోయి, ఎందుకు అడుగుతోందో ముందే చెప్పి, ఒప్పుకున్నవాళ్లనే అడిగి రాసుకోవాలి. ఏం తేలిందో మళ్లీ ఆ ఇరవై ఇళ్లకూ పోయి చెప్పి రావాలి. ఆ నోట్‌బుక్‌ను పీజీ ఇంటర్వ్యూ ఉన్నచోటికి తీసుకుపోతే ఏ సర్టిఫికెట్ కంటే అదే ఎక్కువ మాట్లాడుతుంది.

సీయూఈటీ-పీజీ దరఖాస్తులు మామూలుగా డిసెంబర్, జనవరిల్లో మొదలవుతాయి. కులం, ఆదాయం సర్టిఫికెట్లు అంతకు ముందే మీ సేవలో తీసి పెట్టండి, చివరి వారంలో సర్వర్ పనిచేయదు. ఇక నోట్‌బుక్‌లో మొదటి ఇల్లు మీదే అవ్వాలి. మీ అమ్మగారు ఏ బోరు నీళ్లు తాగారు, ఏ ఏడాది నుంచి మెడ తిప్పలేకపోయారు, ఎన్ని ఆసుపత్రులు తిరిగారు, ఎవరు ఏం చెప్పారు, ఇవన్నీ తెలిసింది ఇప్పుడు మీ ఒక్కరికే. ఒక సాయంత్రం బిడ్డను పక్కన కూర్చోబెట్టుకుని చెప్పండి, ఆమె రాసుకుంటుంది.