ఐటీఐ ఫిట్టర్‌కు సముద్రం మీద కొలువు: ఏజెంటుకు పైసలు కట్టేముందు

ప్రశ్న: మాది జగిత్యాల జిల్లా, కోరుట్ల దగ్గర పల్లె. నేను పదకొండేళ్లు దుబాయ్, సౌదీల్లో పనిచేసి వచ్చిన. మా కొడుకు ఐటీఐ ఫిట్టర్ పాసైండు. ఇప్పుడు ఒక షాపులో గేట్లు, గ్రిల్స్ వెల్డింగ్ చేస్తున్నడు. రెండున్నర లక్షలు కడితే ఆఫ్‌షోర్ ట్రైనింగ్, ఎన్‌డీటీ (లోహాన్ని కోయకుండనే లోపల లోపాలు పట్టే పరీక్ష) సర్టిఫికెట్, ఖతార్‌లో ఆయిల్ రిగ్గు మీద ఉద్యోగం అన్నీ చూసుకుంటనని ఒక ఏజెంటు అంటున్నడు. మా బామ్మర్ది అదంతా వద్దు, మళ్లీ చదివించి బీటెక్ పెట్రోలియం చేయించమంటున్నడు. వాళ్లమ్మకు సముద్రం అంటేనే భయం. నా లెక్క వాడు లేబర్ కావొద్దని నా బాధ. రెండింట్లో ఏది మంచిది?

జవాబు: అన్నా, రెండు దారులను పోల్చి చెప్పమన్నారు, చెప్తాను. కానీ మీ ఉత్తరంలో అసలు ప్రశ్న చివర ఉంది. 'నా లెక్క వాడు లేబర్ కావొద్దు.' జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్ వైపు నుంచి వచ్చే ప్రతి రెండో ఉత్తరంలో ఈ మాటే ఉంటుంది. అందుకే ముందు దానికి జవాబిస్తాను.

మీరు పోయిన రోజుల్లో మీ వీసా మీద లేబర్ అని రాసి ఉంటుంది. పరీక్ష పెట్టి చూడడానికి మీ చేతిలో ఒక పని లేదు. అందుకే జీతం, పని, గది అన్నీ ఎదుటివాడు చెప్పినట్టే నడిచాయి. మీ కొడుకు చేతిలో ఒక ట్రేడ్ ఉంది. ఆయిల్, గ్యాస్ పనుల్లో మనిషిని ట్రేడ్‌తోనే తీసుకుంటారు: పైప్ ఫిట్టర్, వెల్డర్, రిగ్గర్ (బరువులు కట్టి ఎత్తించేవాడు), స్కాఫోల్డర్ (పరంజా కట్టేవాడు), ఎలక్ట్రీషియన్, ఇన్‌స్ట్రుమెంట్ టెక్నీషియన్. టెస్టు పాసైతే ఆ ట్రేడ్ పేరుతోనే కాంట్రాక్టు వస్తుంది. కూలి కాకుండా కాపాడేది డిగ్రీ ఒక్కటే అనుకోకండి. పరీక్షకు నిలబడే పని కూడా కాపాడుతుంది. వాడు ఇప్పటికే మీరు బయలుదేరిన చోటికంటే చాలా ముందున్నాడు.

ఇక ఏజెంటు 'రిగ్గు' అన్నాడు కదా. రిగ్గు అంటే బావి తవ్వేది. అక్కడ కిందిస్థాయి పని రౌస్టబౌట్ (డెక్కు మీద సహాయకుడు), రఫ్‌నెక్ (డ్రిల్లు దగ్గర పనివాడు) అనేవాళ్లది. వాళ్లను డ్రిల్లింగ్ కాంట్రాక్టర్లు తీసుకుంటారు. మీవాడి ఫిట్టర్ పని ఎక్కువగా పనికొచ్చేది తవ్విన బావుల నుంచి చమురు, గ్యాస్ తీసే ప్రొడక్షన్ ప్లాట్‌ఫారాల మీద, వాటిని ఒడ్డున తయారుచేసే యార్డుల్లో, సముద్రంలో అతికించే హుకప్ పనుల్లో. ఈ తేడా చెప్పలేని మనిషి ఆ రంగంలో ఉద్యోగం ఇప్పిస్తానంటే నమ్మొద్దు.

ఇంకో తేడా జీవితాంతం లెక్కకొస్తుంది. వెల్డర్, పైప్ ఫిట్టర్, స్కాఫోల్డర్, పెయింటర్ పనులు ఎక్కువగా ప్రాజెక్టు పనులు. ప్లాట్‌ఫారం కట్టడం అయిపోతే కాంట్రాక్టూ అయిపోతుంది, మళ్లీ ఇంకోటి వెతుక్కోవాలి. చమురు ధర పడిపోతే ముందు ఆగేవి కొత్త ప్రాజెక్టులే. ఇన్‌స్ట్రుమెంట్, ఎలక్ట్రికల్, మెకానికల్ మెయింటెనెన్స్ వాళ్లు మాత్రం ప్లాట్‌ఫారం నడిచినన్నాళ్లూ కావాలి. సగం నెల పని, సగం నెల ఇంటి దగ్గర అనే రొటేషన్ కొలువులు ఎక్కువగా వాళ్లకే దొరుకుతాయి. ఫిట్టర్ చేసినవాడు రెండు వైపులా పోవచ్చు. మొదట పైప్ ఫిట్టింగ్‌లో చెయ్యి తిప్పుకొని, తర్వాత పంపులు, వాల్వులు, కంప్రెసర్ల మెయింటెనెన్స్‌కు మారడం మీవాడికి సరిపోయే దారి.

టెస్టులో ఏం అడుగుతారో మీకూ తెలియాలి. పైపు మలుపులు, కొలతలు చూపే ఐసోమెట్రిక్ డ్రాయింగ్ చేతికిచ్చి స్పూల్ (కొలతకు కోసి అతికిన పైపు భాగం) చేయమంటారు. 6 అంగుళాల 90 డిగ్రీల లాంగ్ రేడియస్ ఎల్బోలు (పైపు మలుపు ముక్కలు) రెండు, వాటి మధ్య సెంటర్ నుంచి సెంటర్‌కు 1000 మి.మీ. అనుకోండి. ఒక్కో ఎల్బోకు 229 తీసేయాలి, రెండు జాయింట్ల గ్యాపుకు 3 చొప్పున 6 తీసేయాలి. పైపు 536 మి.మీ. కోయాలి. గ్యాపు మర్చిపోయి 542 కోస్తే ఆ స్పూల్ చివరి ఫ్లాంజి (పైపులను బోల్టులతో కలిపే అంచు చక్రం) ఎదుటి ఫ్లాంజికి కూర్చోదు. దాన్ని చైన్ బ్లాకుతో గుంజి బోల్టులు బిగించేవాళ్లు ఉంటారు. అప్పటికి పని అయిపోయినట్టే కనిపిస్తుంది, ప్రెషర్ ఎక్కిన తర్వాత ఆ జాయింటే కారుతుంది. ఫ్లాంజి నిలబెట్టేటప్పుడు పై రెండు బోల్టు రంధ్రాల మీద లెవల్ పెట్టి చూశాడా, ఎనిమిది బోల్టుల ఫ్లాంజిని ఒకదానికొకటి ఎదురుగా 1, 5, 3, 7, 2, 6, 4, 8 వరుసలో బిగించాడా, ఒకేసారి కాకుండా మొదట 30 శాతం, తర్వాత 60, తర్వాత పూర్తి టార్క్‌కు (బిగింపు బలానికి) పోయి చివరికి వరుసగా ఒక చుట్టు తిరిగాడా అని చూస్తారు. ఫ్లాంజిల మధ్య కారకుండా పెట్టే స్పైరల్ వౌండ్ గ్యాస్కెట్‌ను విప్పాక మళ్లీ వాడబోతే ఆ టెస్టు అక్కడితో అయిపోయినట్టే.

వాడు ఇప్పుడు వెల్డింగ్ చేస్తున్నాడన్నారు. గేట్ల పనిలో చెయ్యి వణకకుండా నిలబడడం వస్తుంది, అది మంచిదే. కానీ ఆ షాపుల్లో ఎక్కువగా వాడేది 6013 రాడ్డు. ప్లాట్‌ఫారం పైపుకు 6జీ టెస్టు పెడతారు. పైపును 45 డిగ్రీల వాలులో కదలకుండా బిగించి, చుట్టూ తానే తిరిగి అతకాలి. రూట్ (అన్నిటికంటే లోపలి మొదటి అతుకు) టిగ్ వెల్డింగ్‌తో, పైన నింపేది 7018 రాడ్డుతో. 7018 రాడ్లను ఓవెన్‌లో సుమారు 300 నుంచి 350 డిగ్రీల దగ్గర కాల్చి, వేడిగా ఉన్న డబ్బాలోనే పెట్టుకొని ఒక్కొక్కటి తీసి వాడాలి. తేమ పట్టిన రాడ్డు నుంచి హైడ్రోజన్ లోహంలోకి పోతుంది, వెల్డ్ చల్లారిన తర్వాత చీలుతుంది. ఎక్కువమంది ఫెయిలయ్యేది పైపు అడుగున, గడియారంలో ఆరు ఉండేచోట. అక్కడ కరిగిన లోహం కిందికి జారి లోపలివైపు గుంట పడుతుంది, లేదా రూట్ అసలు అతుక్కోదు. బయటికి అందంగానే ఉంటుంది, ఎక్స్‌రే ఫిల్ములో బయటపడుతుంది. ఇంకో సంగతి: ఏఎస్‌ఎంఈ (అమెరికా మెకానికల్ ఇంజినీర్ల సంఘం) నిబంధనల కింద ఆరు నెలలు ఆ పద్ధతిలో వెల్డింగ్ చేయకపోతే ఆ అర్హత పోతుంది. కాబట్టి 6జీ సర్టిఫికెట్ కొనుక్కొని బీరువాలో పెట్టుకుంటే పనికిరాదు.

ఇప్పుడు ఏజెంటు ప్యాకేజీ. ఆఫ్‌షోర్ ట్రైనింగ్ అంటే బోసియెట్. మూడు రోజుల కోర్సు. మంటలు ఆర్పడం, ప్రథమ చికిత్స, సముద్రంలో ప్రాణం నిలుపుకోవడం, నీళ్లలో తలకిందులైన హెలికాప్టర్ నుంచి బయటికి రావడం నేర్పుతారు. మంచి కోర్సే, ప్రాణం కాపాడే కోర్సు. కానీ అది హెలికాప్టర్ ఎక్కడానికి అనుమతి మాత్రమే, ఉద్యోగానికి అర్హత కాదు. గడువు నాలుగేళ్లు. గడువు దాటకముందే ఒకరోజు రిఫ్రెషర్ చేయాలి, దాటితే మళ్లీ మొదటినుంచి. పని రానివాడు ఇరవై ఏళ్లకే ఇది చేసుకుంటే కొలువు దొరికేలోపు గడువు కరుగుతూ ఉంటుంది. ఆఫర్ లెటర్ చేతికొచ్చాక చేయాలి. చాలాచోట్ల ఖర్చు కంపెనీయే పెట్టుకుంటుంది. చేసేటప్పుడు ఆ సెంటర్ పేరు ఈ కోర్సులకు గుర్తింపునిచ్చే ఒపిటో సంస్థ వెబ్‌సైట్‌లో ఉందో లేదో మీరే చూడండి.

ఎన్‌డీటీ గురించి కొంచెం కఠినంగానే మాట్లాడాలి. హనుమకొండలో, కరీంనగర్‌లో, అమీర్‌పేటలో ఎక్కడ చూసినా ఎన్‌డీటీ లెవెల్ టూ, క్యూఏక్యూసీ (నాణ్యత తనిఖీ), పైపింగ్, నెబోష్ (సేఫ్టీ కోర్సు) అన్నీ కలిపి ఒక ప్యాకేజీ, వంద శాతం ప్లేస్‌మెంట్ అనే ఫ్లెక్సీలు. ఎన్‌డీటీ నిజమైన వృత్తే, నిపుణులకు మంచి గౌరవం ఉంది. కానీ లెవెల్ టూ అనేది క్లాసులు విని పరీక్ష రాస్తే పూర్తయ్యేది కాదు. ఒక్కో పద్ధతిలో ఇన్ని గంటలు ఫీల్డులో పనిచేయాలన్న లెక్క ఉంది. ఎక్కువగా నడిచే ఎస్‌ఎన్‌టీ-టీసీ-1ఏ అనే అమెరికా పద్ధతిలో సర్టిఫై చేసే బాధ్యత పని ఇచ్చే సంస్థదే. ఒక్క గంట కూడా సైటు చూడని పిల్లవాడికి పదిహేను రోజుల్లో ఐదు పద్ధతుల్లో లెవెల్ టూ ఇచ్చారంటే, ఇంటర్వ్యూలో మొదటి ప్రశ్నకే ఆ కాగితం తేలిపోతుంది. నెబోష్ కూడా అంతే. అందులో నేర్చుకునేది విలువైనదే, కానీ సైటులో నాలుగేళ్లు పనిచేయని సేఫ్టీ ఆఫీసర్ మాట స్కాఫోల్డర్ వినడు, కంపెనీకీ ఆ సంగతి తెలుసు. బీటెక్ పిల్లలు పని దొరక్క ఇటు మళ్లి, అప్పుచేసి ఈ కాగితాలు కొంటున్నారు. వీటి మీద నాకున్న అనుమానం ఏటేటా పెరుగుతోంది. ఇవి పది ఏళ్ల అనుభవం మీద ఎక్కాల్సిన మెట్లు, పునాది కావు.

ఒక మాట అంటాను, కోపం తెచ్చుకోకండి. రెండున్నర లక్షలకు ఏజెంటును అడిగారు, బామ్మర్దిని అడిగారు, నన్ను అడిగారు. మీ ఉత్తరంలో వాడు ఏమంటున్నాడో ఒక్క లైను లేదు. ఇరవై ఏళ్ల పిల్లవాడు, రోజూ రాడ్డు పట్టుకొని కళ్లు మంటలెత్తేలా పనిచేస్తున్నాడు, వాడిని కూర్చోబెట్టి అడగండి. పొలం తాకట్టు పెట్టే ఆలోచన ఉంటే ఇప్పుడే మానుకోండి. అజాద్ వీసాకు (ఫలానా పని, కంపెనీ అని లేకుండా కొనే వీసా), విజిట్ వీసాకు అప్పుచేసి పోయి చివరికి కల్లివెల్లి (కాగితాలు లేకుండా దాక్కొని బతికేవాళ్లు) అయినవాళ్లు ఎందరో మీ ఊళ్లోనే మీకు తెలుసు. పదకొండేళ్లు అది కళ్లారా చూసిన మీరే మళ్లీ అదే గుంతలోకి దిగుతానంటే ఎట్లా?

విదేశాలకు పంపే రిజిస్టర్డ్ ఏజెంటు సర్వీసు ఛార్జీగా 30,000 రూపాయలు, దానిమీద జీఎస్టీ మాత్రమే తీసుకోవాలి. ఏజెంటు లైసెన్సు నంబరు కేంద్ర ప్రభుత్వ ఈ-మైగ్రేట్ పోర్టల్‌లో కనిపించాలి. మన రాష్ట్ర ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్ కూడా పంపిస్తుంది, అక్కడ పేరు నమోదు చేయండి. మీవాడు పదో తరగతి పాస్ కాబట్టి పాస్‌పోర్టుకు ఎమిగ్రేషన్ క్లియరెన్స్ అక్కర్లేదు. అది సౌకర్యమే, కానీ మధ్యలో ప్రభుత్వం కాంట్రాక్టును చూసే అవకాశం కూడా పోతుంది, ఆ పని మీరే చేయాలి. వీసా మీద ట్రేడ్ ఏమని ఉంది, బేసిక్ ఎంత, ఓటీ ఎంత, ఇంటికొచ్చిన రోజులకు జీతం ఉందా, టికెట్ ఎవరిది, బస ఒడ్డునా బార్జ్ (సముద్రంలో పనివాళ్లు ఉండే పడవ) మీదా అని కాగితం మీద చూడండి. 'మొత్తం ఇంత వస్తుంది' అనే లెక్కకు లొంగకండి. యూఏఈ, ఖతార్‌లలో చివర్లో వచ్చే గ్రాట్యుటీ బేసిక్ మీదే లెక్కిస్తారు.

వాళ్లమ్మ భయం ఉత్తది కాదు. 1988 జులై 6న బ్రిటన్ దగ్గర పైపర్ ఆల్ఫా ప్లాట్‌ఫారం పేలి 167 మంది చనిపోయారు. పగటి షిఫ్టులో ఒక పంపు సేఫ్టీ వాల్వు తీసి ఆ చోట ఫ్లాంజితో మూశారు, ఆ సంగతి రాత్రి షిఫ్టుకు అందలేదు, వాళ్లు ఆ పంపు నడిపారు. మన ముంబై హైలో 2005 జులై 27న సహాయ నౌక తగిలి గ్యాస్ రైజర్ (సముద్రం అడుగు నుంచి ప్లాట్‌ఫారం పైకి వచ్చే గొట్టం) తెగింది, 22 మంది పోయారు. 2021 మేలో తౌక్తే తుపానులో పి-305 బార్జ్ మునిగి 70 మందికి పైగా చనిపోయారు. ఇవి దాచి పంపడం తప్పు. అయితే పైపర్ ఆల్ఫా తర్వాత పర్మిట్ టు వర్క్ (రాతపూర్వక అనుమతి ఉంటేనే పని మొదలుపెట్టడం) పద్ధతి ఎంతో గట్టిపడింది. మీవాడు నేర్చుకోవాల్సింది ధైర్యం కాదు, పర్మిట్ చదవడం, ఐసోలేషన్ (పనిచేసే పైపుకు, యంత్రానికి గ్యాస్, కరెంటు రాకుండా మూసివేయడం) తనే చూసుకోవడం, అనుమానం వస్తే పని ఆపడం. ఈత ముందే నేర్పించండి, నీళ్లంటే బెదురు పోతుంది. మెడికల్ కూడా ముందే ఇక్కడ చేయించండి. పాత టీబీ మచ్చ ఎక్స్‌రేలో కనిపించినా గల్ఫ్ మెడికల్‌లో అన్‌ఫిట్ అంటారు.

బీటెక్ పెట్రోలియం మాట తొందరగా తేల్చేస్తాను. ఆ డిగ్రీ దాదాపు ఒకే రంగానికి పనికొస్తుంది, ఆ రంగం చమురు ధరతో పైకీ కిందికీ ఊగుతుంది. ప్రైవేటు కాలేజీ ఫీజు కట్టి అంత ఇరుకు దారిలోకి పంపమని నేను చెప్పలేను. చదువు మీద ఆశ ఉంటే దారి మూసుకుపోలేదు. రెండేళ్ల ఐటీఐ వాళ్లకు బ్రిడ్జ్ కోర్సు, ఎల్‌పీసెట్ ద్వారా పాలిటెక్నిక్ రెండో ఏడాదిలో చేరే వీలుంది, అక్కడి నుంచి ఈసెట్‌తో బీటెక్ రెండో ఏడాదికి పోవచ్చు. మెకానికల్ తీసుకుంటే నాలుగు రంగాలకు పనికొస్తుంది. పాతికేళ్లకు కూడా చేయొచ్చు, తొందరేం లేదు.

ఇప్పుడు చేయాల్సింది అప్రెంటిస్‌షిప్. కేంద్ర అప్రెంటిస్‌షిప్ పోర్టల్‌లో నమోదై రామగుండం ఎన్‌టీపీసీ, సింగరేణి, విశాఖ హెచ్‌పీసీఎల్ రిఫైనరీ, రాజమండ్రి ఓఎన్‌జీసీ ప్రకటనలు చూస్తూ ఉండమనండి. పూర్తిచేసి పరీక్ష పాసైతే ఎన్‌ఏసీ (జాతీయ అప్రెంటిస్‌షిప్) సర్టిఫికెట్ వస్తుంది, స్టైపెండ్ ఉంటుంది, పైసా కట్టక్కర్లేదు. తర్వాత రెండు మూడేళ్లు పవర్ ప్లాంటు ఓవరాలింగ్, రిఫైనరీ షట్‌డౌన్ పనులు, లేదా చెన్నై దగ్గర కాట్టుపల్లి, సూరత్ దగ్గర హజీరాలో ప్లాట్‌ఫారాలు తయారయ్యే యార్డులు. వెల్డింగే ఇష్టమైతే మన దగ్గరి థర్మల్ ప్లాంట్లలో బాయిలర్ పని చేసే ఐబీఆర్ (భారత బాయిలర్ నిబంధనల కింద పాసైన) వెల్డర్‌గా ఎదగొచ్చు, ఆ చేతికి ఎక్కడైనా గిరాకీ ఉంటుంది. చేసిన ప్రతి చోటా ఎక్స్‌పీరియన్స్ లెటర్ మీద ట్రేడ్ పేరు, తేదీలు, పైపు సైజులు రాయించుకోమనండి. ఆ మూడేళ్లు అయ్యాక ఆఫ్‌షోర్ కంపెనీ ఇంటర్వ్యూకు వాడే సొంతంగా పోగలడు.

ఈ వారం మీరు చేయగల పని ఒకటుంది. పదో తరగతి మెమో, ఐటీఐ సర్టిఫికెట్, ఆధార్, పాస్‌పోర్టు నాలుగూ పక్కపక్కన పెట్టి పేరు, ఇంటిపేరు, పుట్టిన తేదీ అక్షరం అక్షరం కలుస్తున్నాయా చూడండి. ఇంటిపేరు ఒకచోట పూర్తిగా, ఒకచోట ఒక్క అక్షరంగా ఉంటే ఇప్పుడే సరిచేయించండి. ఆఫర్ వచ్చాక అటెస్టేషన్ దగ్గర ఇలాంటి తేడా దొరికితే నెలలు పడుతుంది, కంపెనీ అంతదాకా ఆగదు.