సైకాలజీ చదివిన అమ్మాయికి రోబోల రంగంలో చోటుందా?

ప్రశ్న: మా అమ్మాయి సైకాలజీ డిగ్రీ చివరి సంవత్సరంలో ఉంది. మనుషులు రోబోలతో ఎలా మెలుగుతారో ప్రశ్నావళులతో పరిశోధన చేస్తానంటోంది. ఇంజినీరింగ్ చదవకుండా ఆ రంగంలోకి వెళ్లగలదా? ఫారాలు నింపించడం కూడా ఒక కెరీరేనా?
- ఒక తండ్రి

జవాబు: నిశ్చింతగా వెళ్లవచ్చండీ. ఈ రంగాన్ని హ్యూమన్-రోబో ఇంటరాక్షన్ అంటారు. దీనికోసమే కంప్యూటర్, ఎలక్ట్రానిక్స్ రంగ నిపుణుల సంస్థలైన ఏసీఎం, ఐఈఈఈ 2006 నుంచి అంతర్జాతీయ సదస్సు నడుపుతున్నాయి. అందులో ఇంజినీర్లతో పాటు సైకాలజీ, డిజైన్ చదివినవారూ పరిశోధన పత్రాలు సమర్పిస్తుంటారు.

ఇక ఫారాల సంగతి. రోబో ఎంత వేగంగా కదిలిందో సెన్సర్ చెప్పేస్తుంది. పక్కనున్న మనిషి దాన్ని నమ్మాడా, లోలోపల జంకాడా అన్నది తెలియాలంటే మాత్రం అడగాల్సిందే. ఆ అడగడంలోనే ఉంది కష్టమంతా. 'రోబో తెలివిగా, స్నేహంగా ఉందా?' అంటే రెండు ప్రశ్నలు ఒకటైపోయాయి. అవునన్నవారు దేనికి అన్నారో తెలియదు. రోబోను తయారుచేసినాయనే ఎదురుగా కూర్చుని అడిగితే మొహమాటానికి మంచి మార్కులు పడతాయి. మొదటిసారి చూసిన సంబరంలో వేసిన మార్కులు కొన్నాళ్లు వాడాక నిలవకపోవచ్చు. ఇవన్నీ ముందే ఊహించి ప్రశ్నావళి తయారుచేయడం సైకాలజీ చదివినవారికి బాగా అబ్బే పని. అందుకే మీ అమ్మాయి ఎంపిక నాకు చాలా నచ్చింది.

సొంత ప్రశ్నలు రాసే ముందు ఉన్నవాటిని క్షుణ్ణంగా చదవమనండి. పరిశోధకుడు క్రిస్టోఫ్ బార్ట్‌నెక్, ఆయన సహచరులు 2009లో ప్రచురించిన గాడ్‌స్పీడ్ ప్రశ్నావళితో మొదలుపెట్టడం మంచిది. రోబో మనిషిని పోలి ఉందా, ప్రాణమున్నట్టు అనిపించిందా, నచ్చిందా, తెలివైనదిగా తోచిందా, దాని దగ్గర భద్రంగా అనిపించిందా అన్న ఐదు అంశాలను అది కొలుస్తుంది. రెండు వ్యతిరేక పదాల మధ్య 1 నుంచి 5 వరకు ఒక అంకె ఎంచుకోవాలి. ఎంతో మంది వాడారు, విమర్శించినవారూ ఉన్నారు: మొదటి రెండు అంశాలు ఒకదాంట్లో ఒకటి కలిసిపోతున్నాయని. 2017లో వచ్చిన రోసాస్ అనే స్కేలు 18 పదాలతో ఆత్మీయత, సామర్థ్యం, ఇబ్బంది అనే మూడింటిని విడదీసి చూస్తుంది. రోబోల మీద ముందునుంచే ఉన్న వ్యతిరేకతను కొలవాలంటే పరిశోధకుడు నోమురా బృందం రూపొందించిన 14 వాక్యాల ప్రశ్నావళి నార్స్ ఉంది. దాన్ని రోబోను చూపించకముందే ఇవ్వాలి.

ఒక్క మాట గట్టిగా చెబుతాను: ప్రశ్నావళి ఒక్కదాన్నే నమ్ముకోవద్దు. ఎంత దూరంలో నిలబడ్డారు, రోబో చెప్పింది చేయడానికి ఎంతసేపు తటపటాయించారు అన్నవీ నమోదు చేయాలి. 'పూర్తిగా నమ్ముతున్నాను' అని టిక్కు పెట్టి, రోబో చూపిన దారి వదిలేసి వేరే దారిన వెళ్లేవాళ్లు ఉంటారు. మంచి పరిశోధనకు అలాంటివాళ్లే దారి చూపుతారు.

చదువు విషయానికొస్తే, స్టాటిస్టిక్స్ గట్టిగా రావాలి. క్రాన్‌బాక్ ఆల్ఫా (ప్రశ్నల జవాబులు ఒకదానితో ఒకటి పొసగుతున్నాయా అని చూసే లెక్క), ఫ్యాక్టర్ అనాలిసిస్ (ఏ ప్రశ్నలు ఒక గుంపుగా చేరుతున్నాయో తేల్చే పద్ధతి) పేర్లు తెలిస్తే చాలదు, స్టాటిస్టిక్స్‌కు వాడే ఆర్ సాఫ్ట్‌వేర్‌లో స్వయంగా చేయగలగాలి. రోబోతో నాలుగు మాటలు పలికించేంత పైథాన్ ప్రోగ్రామింగ్ వస్తే ల్యాబ్‌లో ఎవరి మీదా ఆధారపడక్కర్లేదు. చాటునుంచి మనిషే రోబోను నడిపే ప్రయోగాలు ఈ రంగంలో మామూలే. వాటిలో పాల్గొన్నవారికి తర్వాత నిజం చెప్పాలి, ముందుగా ఎథిక్స్ కమిటీ అనుమతి తీసుకోవాలి.

పీజీకి కాగ్నిటివ్ సైన్స్, హ్యూమన్ ఫ్యాక్టర్స్, హ్యూమన్-కంప్యూటర్ ఇంటరాక్షన్ కోర్సులు చూడండి. కేవలం రోబోల మీదే పనిచేసే ఉద్యోగాలు తక్కువే. అయితే ఇదే నైపుణ్యంతో వైద్య పరికరాలు, కార్లు, యాప్‌లు తయారుచేసే చోట వాడేవారి అనుభవాన్ని పరిశోధించే యూఎక్స్ రీసెర్చర్‌గా చేరవచ్చు.

డిగ్రీ ప్రాజెక్టు ఇంకా మిగిలి ఉంటే దాన్నే ఇందుకు వాడుకోమనండి. రోబో దొరకకపోతే వీడియో చూపించి ప్రశ్నలు అడగవచ్చు. ఎదురుగా చూసినప్పటి అనుభవానికి, వీడియోకు తేడా ఉంటుందని మాత్రం నివేదికలో స్పష్టంగా రాయాలి.